ఎడమచేతి కుట్టు

రోజూ పదింటికి రచయిత్రి బల్ల ముందు కూర్చునేది. పదీ అయిదుకి కుట్టు వదిన కిటికీ దగ్గర మిషను ముందు కూర్చునేది. ఒకరు రాయడం, ఒకరు కుట్టడం, పదకొండింటికి టీ. ఆ టీ ఎవరు పెట్టాలన్న దాని మీద రోజూ ఒక యుద్ధం.

"నిన్న నేనే పెట్టాను," అనేది రచయిత్రి.

"నువ్వు పెట్టింది టీ కాదు, కప్పులు కడిగిన నీళ్ళు. అయినా నన్ను పుట్టించినదానివి, నాకో కప్పు టీ పెట్టలేవూ? నలభై రెండేళ్ళ దగ్గర నా వయసు ఆపేశావు. నడుం నొప్పి మాత్రం పదో అధ్యాయంలోనే మొదలుపెట్టావు. ఇంకెన్నాళ్ళు మొయ్యను దీన్ని?"

పుట్టించిన మాట నిజమే. రచయిత్రి రాసిన నవలలో కథానాయిక ఈ వదిన. ఆ నవలంటే అల్లాటప్పా నవల కాదు. ఆరువందల నలభై పేజీలు. అది రాసిన రెండేళ్ళూ ఊళ్ళో సిరాకి కరువొచ్చి బళ్ళో పిల్లలు పెన్సిళ్ళతో పరీక్షలు రాశారు. మూడు కుర్చీలు విరిగాయి. రాతప్రతిని అచ్చాఫీసుకి తోసుకెళ్ళిన బండి ఇరుసు వంగిపోతే, దాన్ని నిఠారు చెయ్యగలిగిన కమ్మరి ఇవాళ్టికీ పుట్టలేదు. అచ్చయి వచ్చిన మర్నాడు పొద్దున రెండువందల పన్నెండో పేజీలోంచి వదిన లేచి వచ్చి, తలుపు కొట్టి, "మిషను ఎక్కడ పెట్టుకోను?" అని అడిగింది. కిటికీ దగ్గరైతే వెలుతురు బాగుంటుందంది రచయిత్రి. అంతే. వీధిలో వాళ్ళు చిరిగిన కర్టెన్లూ బడి యూనిఫారాలూ పట్టుకొచ్చారు. నవల్లో అందరూ వదిన అంటారు కాబట్టి వీళ్ళూ వదిన అన్నారు. జనాభా లెక్కలాయన పుట్టిన చోటు అడిగితే, "మొదటి అధ్యాయం, రెండో పేరా" అంది. ఆయన రాసుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం లైబ్రరీ తెరిచే వేళకి మాత్రం, "ఎవరో నన్ను చదువుతున్నట్టున్నారు, కాసేపు లోపలికి వెళ్ళొస్తా," అని లేచేది.

వదిన ఎవరిలా ఉంటుందో రచయిత్రికీ తెలుసు, ఆవిడ తమ్ముడికీ తెలుసు. అచ్చు వాళ్ళమ్మలా ఉంటుంది. ఒక్కటే తేడా. అమ్మది కుడిచేతి వాటం, వదినది ఎడమచేతి వాటం. ఎవరూ పోల్చుకోకూడదని రచయిత్రి మార్చిన చెయ్యి అది. ఎడమచేత్తో వేసిన కుట్టు ఒక పక్కకి వాలితే, కుడిచేత్తో వేసింది రెండో పక్కకి వాలుతుంది. తెలిసినవాళ్ళు గుడ్డ చూసి చెయ్యి చెప్పేస్తారు.

ఆ అక్కాతమ్ముళ్ళ నాన్న ఒక దుస్తుల కార్ఖానాలో కత్తిరింపు మేస్త్రీ. ఆర్డరు పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదని యజమాని ఒకరోజు షట్టరుకి బయటినుంచి తాళం వేశాడు. లోపల మంటలు లేచాయి. మేస్త్రీ కిటికీకున్న ఇనుప చువ్వల్ని వట్టి చేతుల్తో వంచాడు. నాలుగు ఎడ్లు లాగినా వంగని చువ్వలవి. పదకొండు మంది ఆ సందులోంచి బయటపడ్డారు. వంచినవాడు బయటపడలేదు. విచారణకి అధికారులు వస్తే యజమాని, "బట్ట తానులు దొంగిలించడానికి అతనే లోపల్నించి గడియ వేశాడు," అన్నాడు. వాళ్ళు రాసుకున్నారు. ఆ రాతతో మేస్త్రీ దొంగయ్యాడు, అతని పిల్లలు దొంగ పిల్లలయ్యారు. తల్లి ఇరవై ఏడేళ్ళు పరుపు గలీబులు కుట్టి వాళ్ళని పెంచింది. పోయేముందు కూతురి చెయ్యి పట్టుకుని, "కాగితం మీదైనా వాణ్ణి వదలకు," అంది.

కూతురు వదల్లేదు. నవల్లో వదిన ఆ యజమానికి ఒక కోటు కుడుతుంది. నలభై పేజీలు కొలతలే తీసుకుంటుంది. అతను తొడుక్కున్నాక ఆ కోటు ఒంటిమీంచి రాదు. అతను చేసింది అతని మాటల్లోనే వీపు మీద పైకి తేలుతుంది. అతనికి కనపడదు, లోకానికంతా కనపడుతుంది. అక్కడితో ఆఖరి పేజీ అయిపోతుంది.

నవలంతటిలో రచయిత్రి వెనక్కి తగ్గిన చోటు ఒక్కటే. అచ్చాఫీసు ప్లీడరు భయపెడితే ఆఖరి పేజీలో తండ్రి పేరు కొట్టేసి 'ఆ మనిషి' అని రాసింది. పదకొండుసార్లు ప్రూఫు దిద్దింది. పదకొండుసార్లూ అక్కడికి రాగానే ఎర్ర పెన్సిలు ఆగేది.

ఇలా ఉండగా ఒక సినిమా కంపెనీ నుంచి మెత్తగా మాట్లాడే ఒకాయన పద్నాలుగు పేజీల ఒప్పందం పట్టుకొచ్చాడు. నవలని సినిమా తీస్తారట. రచయిత్రి కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేరా చూసింది. అందులో 'సదరు' అన్న మాట ఏడుసార్లు ఉంది. ఆవిడ మొహం వేపకషాయం తాగినట్టయింది. తన నవల్లో దారితప్పిన కామాల్ని వెయ్యీ మూడువందల నాలుగింటిని ఒంటిచేత్తో పట్టి బంధించిన మనిషి, ఆ ఒప్పందాన్ని రెండో పేజీ తిప్పకుండా సంతకం పెట్టేసింది.

"చదవలేదేం?" అంది వదిన, దారం పళ్ళతో తెంపుతూ.

"అంత చెత్త వచనం చదివితే వారం రోజులు చేతికి అంటుకుంటుంది. మళ్ళీ నేను రాయొద్దూ?"

చదివింది తమ్ముడు. నాలుగు నెలల తర్వాత, సినిమా స్క్రిప్టు ఇంటికొచ్చిన రోజున. అతను బస్సు కండక్టరు. దొంగ నోటేమోనని చూసినట్టు ప్రతి కాగితాన్నీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాడు.

"అక్కా, తొమ్మిదో పేజీ చూశావా? 'పాత్రలు, సంఘటనలు, ముగింపు నిర్మాత తన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు.' కింద నీ సంతకం. ఎంత ముద్దుగా పెట్టావో."

"ఏం మార్చారు?"

"అన్నీ." అతను స్క్రిప్టు తిప్పాడు. "ఆరువందల నలభై పేజీలు తొంభై అయ్యాయి. కొలతల అధ్యాయం మొత్తం ఒక పాటయింది. పదకొండు మంది కార్మికులు ముగ్గురయ్యారు. వదిన నడుం నొప్పి పోయింది."

"అది మాత్రం మంచి పని చేశారు," అంది వదిన.

"ఎడమచెయ్యి కూడా పోయింది. ఇదిగో హీరోయిన్ ఫొటో."

వదిన ఫొటోని దూరంగా పెట్టి చూసింది. "ఈ పిల్ల సూది పట్టుకోవడం చూడు, తేలుని పట్టుకున్నట్టు. పోనీలే. పెద్దదాన్ని చిన్నది చెయ్యడం తప్పేం కాదు, పెద్దవాళ్ళ కోట్లు పిల్లలకి సరిచేసి ఇవ్వడంలా నేను? కుదించేటప్పుడు ఎక్కడ కత్తెర పెడుతున్నామో చూసుకోవాలి, అంతే. ముగింపేమిటి?"

తమ్ముడు ఆఖరి పేజీని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చదివాడు. సినిమాలో గడియ వేసింది మేస్త్రీయే, లోపల్నించి, తానుల కోసం. యజమాని మంచివాడు, మంటల్లోకి దూకబోతే నలుగురు పట్టుకుని ఆపుతారు. చివరికి వదిన అతని కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, కన్నీళ్ళతో, మీ తప్పేం లేదని చెప్పి క్షమిస్తుంది.

మిషను ఆగిపోయింది.

"నిర్మాత ఎవరు?" అంది రచయిత్రి.

"పేరు ఆ మెత్తటాయనది. చిరునామా వాళ్ళ మావగారిది." తమ్ముడు కాగితం బల్ల మీద పెట్టాడు. "ఆ యజమాని అల్లుడక్కా అతను."

మర్నాడు మధ్యాహ్నం రచయిత్రి ఆ యజమాని ఆఫీసుకి వెళ్ళింది. ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. ఊరంతా పెద్దాయన అంటారు. గోడలనిండా ఆయన దండలు వేయించుకుంటున్న ఫొటోలు.

"రామ్మా, కూర్చో. మీ నాన్న పోలికే," అన్నాడు పెద్దాయన.

"గడియ లోపల్నించి వేయించారు."

"నేనెక్కడ వేయించాను? స్క్రీన్‌ప్లే రాసినాయన వేయించాడు. అలాగైతే రెండో సగం బిగువుగా ఉంటుందట."

"తాళం బయటినుంచి వేసింది మీరు."

"అది నీ నవల్లో. నీ నవల ఎంతమంది చదివారు? నాలుగు వేలమంది. వాళ్ళంతా నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. బ్యాంకులో, లిఫ్టులో. నా మనవరాలు కూడా చదివిందట, నాతో మాట్లాడ్డం మానేసింది. నా సినిమా నలభై లక్షలమంది చూస్తారు. వాళ్ళందరూ నా కోసం ఏడుస్తారు. అటు నాలుగు వేలు, ఇటు నలభై లక్షలు. రేపు ఏది నిజమవుతుందో నువ్వే చెప్పు."

"జరిగినదాన్ని మార్చే హక్కు మీకెక్కడిది?"

"తొమ్మిదో పేజీలో ఉంది." పెద్దాయన ముందుకు వంగాడు. "అసలు ముందు మార్చిందెవరు? మీ అమ్మ నాకు కోటెప్పుడు కుట్టింది? నా గుమ్మం కూడా తొక్కలేదు. చచ్చేదాకా గలీబులు కుట్టుకుంటూ బతికింది. నీకు కావలసిన ముగింపు నువ్వు రాసుకున్నావు, నాకు కావలసింది నేను తీసుకున్నాను. తేడా ఏముంది?"

రచయిత్రి గోడల మీది ఫొటోలకేసి చూసింది. ప్రతి ఫొటోలోనూ ఆయన కోటులోనే ఉన్నాడు.

"మీరు నవల చదివారా?" అంది.

"ఈ కళ్ళతో ఆరువందల పేజీలా? అల్లుడు రైటర్ని తీసుకొచ్చాడు. పది నిమిషాల్లో మొత్తం చెప్పేశాడు. కోటుందన్నాడు, చివర్లో విప్పుతుందన్నాడు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అన్నట్టు, ఆ నవల్లో ఆవిడ మీ ఇంట్లోనే ఉంటోందటగా. ఆవిడ చేత నాకో కోటు కుట్టించు. మొదటి ఆట అవగానే స్టేజీ మీద హీరోయిన్ విప్పుతుంది. పత్రికలవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. సినిమాలో ఉన్నదే బయటా జరిగిందంటే ఇంక ఎవడూ నోరెత్తడు."

రచయిత్రి లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఎంతైనా రాసే మనిషి. చదవమని అడక్కుండా పోలేదు.

"కనీసం ఆఖరి పేజీ చదవండి. ఒక్క పేజీ."

"సినిమా చూస్తాన్లే అమ్మా," అన్నాడు పెద్దాయన నవ్వుతూ. "రెండూ ఒకటేగా."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పింది. వదిన సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది. ఎక్కించి, ముడి వేసి, "ఎప్పటికి కావాలట?" అంది.

"వచ్చే నెల మొదటి శుక్రవారానికి. వదినా, ఆయనన్న మాటొకటి గుచ్చుకుంటోంది. అమ్మ కోటు కుట్టలేదు. అది నా కల్పన. ఆయన చేసిందీ నేను చేసిందీ ఒకటేనా?"

"మీ అమ్మకి చెయ్యాలని ఉండి చెయ్యలేని పని నువ్వు నా చేత చేయించావు. వాడు, వాడు చేసిన పని ఇంకొకడు చేసినట్టు చూపించాడు. ఈ రెంటికీ తేడా తెలియనివాడికి కోటు చేతుల పొడుగెంతో, కాళ్ళ పొడుగెంతో కూడా తెలియదు." టేపు మెళ్ళో వేసుకుని లేచింది. "ఇవాళ టీ నువ్వే పెట్టు. నాకు పనుంది."

కొలతలకి తొమ్మిది రోజులు పట్టింది. అలాంటి కొలతలు ఏ దర్జీ ఏ రాజుకీ తీసి ఉండడు. నిలబెట్టి తీసింది, కూర్చోబెట్టి తీసింది. దగ్గినప్పుడు వీపు ఎంత ముందుకొస్తుందో తీసింది. అబద్ధం చెప్పినప్పుడు భుజం ఎంత ఎగురుతుందో తెలుసుకోవడానికి కార్ఖానా సంగతి మూడుసార్లు అడిగి, మూడుసార్లూ అంగుళం పావు అని రాసుకుంది.

"ఇంకా ఎంతసేపమ్మా?" అని పెద్దాయన విసుక్కున్నాడు. "సినిమాలో పాట అయ్యేసరికి అయిపోయిందిగా."

"నవల్లో నలభై పేజీలు బాబూ," అంది వదిన. "ఊపిరి వదలండి."

"ఎడమచేత్తో రాస్తున్నావేంటి?"

"నవల్లో ఉంది."

"హీరోయిన్ కుడిచేత్తో కదా," అన్నాడు అల్లుడు పక్కనుంచి. ఫొటోల్లో తేడా కనిపిస్తుందేమోనని అతని బెంగ. అంతకుమించి ఏ బెంగా ఎవరికీ రాలేదు. ఆ గదిలో నవల చదివినవాడు ఒక్కడున్నా, ఆ టేపు మెడ చుట్టూ తిరిగిన మొదటి రోజే కిటికీలోంచి దూకి పారిపోయేవాడు.

తర్వాత పన్నెండు రోజులు కుట్టింది. పై బట్ట మిషను మీద, లోపలి అస్తరు చేత్తో. రచయిత్రి దగ్గరికెళ్ళి చూడబోతే చేత్తో అడ్డం పెట్టేది. "ఆఖరి పేజీ తీసివ్వనా?" అంటే, "అందులో ఉండేదాన్ని నేను. నాకే చదివి పెడతావా?" అనేది. ఆఖరి రోజు మాత్రం కాసేపు మిషను ఆపి, సూదిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. రచయిత్రి అప్పుడు టీ పెడుతోంది. చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆట. థియేటరులో పన్నెండు వందల కుర్చీలు, పద్దెనిమిది వందలమంది జనం. మొదటి వరసలో పెద్దాయన కొత్త కోటులో. నల్లటి కోటు, వంకపెట్టడానికి లేదు. ఆయన పక్కన అల్లుడు, కూతురు, తాతతో మాట్లాడని మనవరాలు. వెనక వరసలో రచయిత్రి, తమ్ముడు, వదిన. ఆనాడు బయటపడ్డ పదకొండు మందిలో ఇంకా బతికున్న నలుగురు ముసలివాళ్ళు కూడా వచ్చారు. తమ్ముడే వాళ్ళని బస్సులో టిక్కెట్టు కొట్టకుండా తీసుకొచ్చాడు. కండక్టరుగా అతని జీవితంలో చేసిన ఏకైక నేరం అది.

సినిమా బాగుంది. బాగులేదంటే అబద్ధమవుతుంది. మంటలు ఎంత బాగా తీశారంటే మూడో వరసలో వాళ్ళ కనుబొమలు కమిలాయి. మేస్త్రీ తానులు చంకన పెట్టుకుని గడియ వేస్తుంటే హాలంతా ఛీ అంది. నలుగురు ముసలివాళ్ళూ తలలు వంచుకున్నారు. చీకట్లో తమ్ముడి చెయ్యి వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. చివర్లో హీరోయిన్ గుండీలు విప్పుతూ క్షమించినప్పుడు జనం ఏడ్చిన ఏడుపుకి కన్నీళ్ళు కిందికి పారి ముందు వరసల వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకోవలసి వచ్చింది.

లైట్లు వేశారు. పెద్దాయన స్టేజీ ఎక్కాడు. హీరోయిన్ నవ్వుతూ మొదటి గుండీ మీద చెయ్యి వేసింది. రాలేదు. రెండోది రాలేదు. గోరు విరిగింది. అల్లుడు వచ్చి రెండు చేతుల్తో లాగాడు. థియేటరు మేనేజరు కత్తెర తెప్పిస్తే, కత్తెర నోరు వెళ్ళబెట్టి అలాగే ఉండిపోయింది. పట్టుకారు తెస్తే పట్టుకారు వంగింది.

పెద్దాయనకి చెమటలు పట్టాయి. వెనక వరసలో ఉన్న వదినకేసి చూశాడు.

"నువ్వు రా. నువ్వు విప్పు. ఇందాక విప్పావుగా."

వదిన కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

"అది సినిమాలో బాబూ," అంది. "నేను నవల్లోదాన్ని."

మైకు అక్కడే ఉండటంతో ఆయన గొణిగిన బూతు కూడా హాలంతా వినిపించింది. ఆయన విసురుగా వెనక్కి తిరిగాడు, తెర పక్కనుంచి దిగిపోదామని. తిరగ్గానే పద్దెనిమిది వందలమందికీ వీపు కనిపించింది. నల్లటి గుడ్డ మీద తెల్లటి అక్షరాలు ఒక్కో వరసా పైకి తేలుతున్నాయి. ముందు గుసగుసలు. ముందున్నవాళ్ళు చదివి వెనకున్నవాళ్ళకి చెప్పారు, వాళ్ళు బాల్కనీకి చెప్పారు. నలుగురు ముసలివాళ్ళూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచి నిలబడ్డారు. మనవరాలు మొదటినుంచి చివరిదాకా చదివి, బ్యాగు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"ఏముంది వెనక?" అన్నాడు పెద్దాయన.

అల్లుడు చదివాడు. చదివి, "కుట్టు బాగుంది మావయ్యా," అన్నాడు.

ఆ తర్వాత ఆయన చేయించని ప్రయత్నం లేదు. ఏడుగురు దర్జీలు, ఒక చెప్పులు కుట్టేవాడు, ఒక తాళాలవాడు వచ్చి చేతులెత్తేశారు. ఒక అద్దం పెడితే అక్షరాలు తిరగబడి కనిపించేవి, రెండద్దాలు పెడితే కళ్ళు ఆనేవి కావు. ఇంట్లో ఎవర్నడిగినా పనుందని లేచిపోయేవారు. గోడకి వీపు ఆనించి నిలబడటం అలవాటు చేసుకున్నాడు. కానీ ఎవడైనా ఎంతకాలమని గోడని వెంటబెట్టుకుని తిరుగుతాడు? సినిమా ఊరూరా ఆడింది. జనం దాన్ని చూసి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, దారిలో ఆయన వీపు చూసి, నడక ఆపి, చదివి, లైబ్రరీకి పోయేవారు. అక్కడ నవల కోసం వరస మలుపు తిరిగి పోస్టాఫీసు దాకా ఉండేది.

దాంతో వదినకి లోపల ఊపిరాడని పని పడింది. పొద్దున్నే ఎవరో ఒకరు పుస్తకం తెరుస్తున్నారు, మూసేవాళ్ళు లేరు. కిటికీ దగ్గర మిషను ఖాళీగా ఉంది. పదకొండింటికి రచయిత్రి ఒక్కతే తన టీ తనే పెట్టుకుని, తాగి, నిజంగానే కప్పులు కడిగిన నీళ్ళలా ఉందని ఒప్పుకునేది.

ఒకరోజు బ్యాంకులో వరసలో నిలబడింది. ముందు నల్లకోటు. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే ముందున్నవాళ్ళు చదువుతారు. రచయిత్రి కళ్ళజోడు పెట్టుకుంది. అలవాటు కొద్దీ సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసింది.

మొదటి వాక్యం నుంచి దిద్దడం మొదలుపెట్టింది. 'షట్టరుకి తాళం బయటినుంచి వేసింది నేనే, తాళంచెవి నా జేబులోనే ఉంది.' సరిగ్గా ఉంది. 'లోపలి కేకలు విన్నాను, వినీ, గంట కొట్టేదాకా తియ్యొద్దన్నాను.' కామాలు రెండూ ఉన్నాయి. చువ్వలు వంచడం ఉంది, పదకొండు మంది ఉన్నారు. ఒక్క అక్షరం పోలేదు, ఒక్క ఒత్తు జారలేదు. కుట్లన్నీ వదిన చేతివే, ఎడమచేతి వాలు.

ఆఖరి వాక్యానికి వచ్చింది. నవల్లో అది, 'ఆ మనిషి దొంగ కాదు.' కోటు మీద 'ఆ మనిషి' లేదు. అక్కడ ఆవిడ తండ్రి పేరుంది. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. ఆ పేరులో కుట్లు మాత్రం మిగతావాటిలా లేవు. రెండో పక్కకి వాలి ఉన్నాయి. చిన్నప్పుడు ప్రతి గలీబు అంచునా చూసిన కుట్టు అది. కుడిచేతి కుట్టు.

పెన్సిలు గాల్లో ఆగింది.

వెనక ఎవరో ఉన్నారని పెద్దాయనకి తెలిసినట్టుంది. మెడ తిప్పకుండా అడిగాడు. "ఎవరమ్మా అది? ఏం రాసుందో కాస్త చెబుతావా?"

రచయిత్రి పెన్సిలు సంచిలో పెట్టుకుంది.

"తప్పులేం లేవండి," అంది.